కార్డుకో బిళ్ళ వద్దు, కట్టకో బిళ్ళ చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గుంటూరులో మీది ఆరు లేన్ల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, పిస్టల్ క్లబ్బు. రోజుకు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది మంది పిల్లలు వస్తున్నారు. నెలకు సరిపోతాయని తెప్పించిన 3,000 టార్గెట్ కార్డులు 18 రోజులకే అయిపోయాయి. స్టోర్ చూసే కుర్రాడి మీద మీకు అనుమానం. టోకెన్ పద్ధతి పెడితే ఇది ఆగుతుందా, బయటి దేశాల్లో లాగా టోకెన్ వేస్తే టార్గెట్ వచ్చే మెషీన్ కొనాలా అని అడిగారు.

నేను విజయవాడలో ఒక క్లబ్బులో పదకొండేళ్లుగా రేంజ్, స్టోర్ రెండూ చూస్తున్నాను. టోకెన్లు పెట్టాను, చెడగొట్టుకున్నాను, మళ్ళీ పెట్టాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ కుర్రాణ్ణి వదిలేయండి. మీరు చెప్పిన అంకెల్లో నాకు దొంగతనం కనబడలేదు. 28 మంది పిల్లలు, మనిషికి 20 షాట్లు, కార్డుకు 5 చొప్పున 4 కార్డులు అని లెక్క వేసుకుని ఉంటారు. రోజుకు 112 కార్డులు, 26 రోజులకు 2,912. అలా 3,000 తెప్పించి ఉంటారు. కానీ ఏ పిల్లాడూ నేరుగా లెక్క షాట్లు మొదలుపెట్టడు కదా. ముందు సైటర్లు, అంటే గురి సరిచూసుకునే షాట్లు కొడతాడు, దానికో కార్డు. కోచ్ 20 అంటే, చివరి కార్డు బాగా రాలేదని ఇంకో కార్డు పెట్టుకుంటాడు. అక్కడికి ఆరు. 28 ఆర్లు 168, దాన్ని 18 రోజులతో గుణించండి, 3,024 వస్తుంది. మీ కార్డులు ఎక్కడికీ పోలేదండి, గోడ మీదికే వెళ్ళాయి. ఎవరూ రాసుకోలేదు, అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దొంగను పట్టుకోవాలని టోకెన్ పెట్టినవాడు రెండో నెలకే విసుగెత్తి మానేస్తాడు. సరుకు ఎటు పోతోందో తెలుసుకోవాలని పెట్టినవాడు కొనసాగిస్తాడు.

మా బాబాయి మీ ఊళ్ళోనే ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా చేసేవాడు. మిర్చి సీజన్‌లో వేసవి సెలవులకి నేను ఆయన దగ్గరే ఉండేవాణ్ణి. ఘాటుకి ముక్కుకి తువ్వాలు కట్టుకుని గుమ్మం పక్కన కూర్చునేవాళ్ళం. ముఠా కూలీలు లారీలోంచి టిక్కీ, అంటే మిర్చి బస్తా మోసుకొచ్చి గుమ్మం దాటుతుంటే, బాబాయి ఒక్కొక్కరి చేతిలో ఒక రేకు బిళ్ళ పెట్టేవాడు. సాయంత్రం ఎవరి బిళ్ళలు వాళ్ళు తెచ్చి లెక్క చూసుకుని డబ్బులు తీసుకునేవాళ్ళు. ఒకసారి నేను సాయం చేద్దామని లారీ దగ్గరే నిలబడి బిళ్ళలు పంచడం మొదలుపెట్టాను. బాబాయి నెత్తి మీద ఒక్కటి మొట్టాడు. "లారీ దగ్గర ఇస్తే లారీ లెక్క తెలుస్తుంది, లోపల ఎన్ని పడ్డాయో ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు. టిక్కీ పగిలి వెనక్కి పంపితే బిళ్ళ కూడా వెనక్కి తీసుకునేవాడు.

టోకెన్ల గురించి నాకు తెలిసిందంతా ఆ మొట్టికాయలోనే ఉంది. వస్తువు చేతులు మారే చోటే, అదే క్షణంలో బిళ్ళ కూడా చేతులు మారాలి. ముందు ఇచ్చినా, తర్వాత ఇచ్చినా అది వేరే దేనికో లెక్క అవుతుంది. వెనక్కి వచ్చిన సరుక్కి ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవాలి.

ఇక నేను చేసిన తప్పు. మొదటిసారి పెట్టినప్పుడు ఫీజు కట్టగానే నెలకు సరిపడా బిళ్ళలు పిల్లల చేతికే ఇచ్చేశాను. బిళ్ళకో కార్డు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది. రెండు వారాల్లో ఆ బిళ్ళలు రూపాయలైపోయాయి. ఒకడు సమోసాకి రెండు బిళ్ళలు ఇచ్చాడు. ఒక పాప నెలాఖరు పోటీ ముందు వాడుకుందామని దాచుకుని, ప్రాక్టీసే మానేసింది. ఒక తల్లి వచ్చి, బట్టలు ఉతుకుతుంటే మావాడి ప్యాంటు జేబుల్లో దొరికాయండీ అని పాలిథీన్ కవరులో పదకొండు బిళ్ళలు నా టేబుల్ మీద పెట్టింది. వాటిలో నాలుగు వాడివి కావు.

అంతకన్నా పెద్ద నష్టం వేరే ఉంది, అది నెల దాకా నాకు కనబడలేదు. బిళ్ళలు మిగుల్చుకోవడానికి పిల్లలు ఒక్క కార్డు మీదే పది, పన్నెండు కొట్టడం మొదలుపెట్టారు. రైఫిల్ కార్డు మీద పదో వలయం అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. గన్‌లో వేసే సీసపు గుండు, పెల్లెట్, 4.5 మిల్లీమీటర్లు. ఐదు పెల్లెట్లు మధ్యలో పడితేనే అక్కడ ఒక చిరుగు తప్ప విడి రంధ్రం ఉండదు. ఆరోది ఎక్కడ పడిందో, రంధ్రంలో పెట్టి కొలిచే గేజ్ పెట్టినా తేలదు. కార్డులు మిగిలాయని నేను సంబరపడుతుంటే, కోచ్ వచ్చి ఆ కార్డులు నా ముందు పరిచి, "ఇందులో వీడు ఎడమకి లాగుతున్నాడో కుడికి లాగుతున్నాడో మీరే చెప్పండి సార్" అన్నాడు. చెప్పలేకపోయాను. టోకెన్ ఏ రోజైతే పిల్లాణ్ణి షాట్ల దగ్గర పిసినారిని చేస్తుందో ఆ రోజు దాన్ని కృష్ణలో పారెయ్యాలి. కార్డు ఖరీదు ఎంతండీ, వాడు పొద్దున్నే ఐదింటికి లేచి రావడం ముందు?

కాబట్టి ఇప్పుడు మా దగ్గర నడుస్తున్నది చెబుతాను. ఇది మూడో ప్రయత్నం.

బిళ్ళ పిల్లాడిది కాదు, వాడు నిలబడి కొట్టే లేన్‌ది. ఒక్కో లేన్‌కి ఐదు ఇత్తడి బిళ్ళలు, వాటి మీద లేన్ నంబరు చెక్కి ఉంటుంది. కార్డులు రాగానే పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసి కట్టలుగా పెట్టేస్తాం. ఒక కట్ట ఇస్తే ఆ లేన్ బిళ్ళ ఒకటి స్టోర్ కిటికీ పక్కన ఉన్న చెక్క మీద, ఆ లేన్ మేకుకి ఎక్కుతుంది. కట్ట చేతిలోంచి వెళ్ళకుండా బిళ్ళ ఎక్కదు, బిళ్ళ ఎక్కకుండా కట్ట వెళ్ళదు. అంతకు మించి పెద్ద శాస్త్రం లేదు. కార్డుకో బిళ్ళ అంటే మీకు రోజుకు 168 సార్లు ఇచ్చిపుచ్చుకోవాలి, ఆ కుర్రాడు వారంలో మొహం చాటేస్తాడు. కట్టకో బిళ్ళ అంటే పదిహేడు, పద్దెనిమిది సార్లు. అది ఎవరైనా చేస్తారు.

సెషన్ అయిపోయాక లేన్‌లో మిగిలిన కార్డులు, చిరిగినవి, తడిసినవి విడివిడిగా స్టోర్‌కి తిరిగి వస్తాయి. చిరిగిన కార్డు కూడా కార్డే, దాన్ని చెత్తబుట్టలో వెయ్యనివ్వకండి. కొట్టిన కార్డులు కోచ్ దగ్గరికి వెళ్తాయి. ఆయనకి ఎలాగూ కావాలి.

మొన్నటి ఒక రోజు చిట్టా చెబుతాను చూడండి. 27 మంది వచ్చారు. మేకుల మీద 18 బిళ్ళలు, అంటే 180 కార్డులు బయటికి వెళ్ళాయి. 14 తిరిగొచ్చాయి, 4 చిరిగాయి. కొట్టినవి 162, మనిషికి ఆరు. లెక్క తేలింది, ఐదు నిమిషాల పని. మేకుల చెక్కకి ఫోన్‌లో ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాం, బిళ్ళలు మళ్ళీ లేన్‌లకి వెళ్ళిపోతాయి. మర్నాడు ఎవరైనా వాదిస్తే ఫొటో ఉంటుంది.

ఇక్కడితో ఆగితే అది సగం లెక్కే. కార్డులకి సాక్షి పెల్లెట్లు. డబ్బాకి 500 ఉంటాయి కదా. ఆ రోజు 27 సైటర్ కార్డుల మీద సుమారుగా డజను చొప్పున 324, మిగతా 135 కార్డుల మీద ఐదేసి చొప్పున 675, మొత్తం 999. మా స్టోర్‌లో ఆ రోజు ఖాళీ అయినవి రెండు డబ్బాలు. ప్రతిరోజూ ఇంత ముచ్చటగా కుదరదు లెండి, ముప్ఫై నలభై అటూ ఇటూ ఉంటుంది, కిందపడినవీ ఉంటాయి. చూడాల్సింది ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి దూరమవుతున్నాయా అని. కార్డులు మామూలుగానే ఉండి పెల్లెట్లు ఎక్కువ ఖర్చవుతుంటే, ఒక కార్డు మీదే గుమ్మరిస్తున్నారని అర్థం. పెల్లెట్లు మామూలుగా ఉండి కార్డులు ఎక్కువ పోతుంటే, కార్డులు కొట్టకుండా పోతున్నాయి. చేతివాటం కావచ్చు, కానీ మా దగ్గర రెండుసార్లూ కారణం చెమ్మే.

మూడో సాక్షి ఒకటుంది, దానికి అబద్ధం చెప్పడం రాదు. కార్డు వెనక పెల్లెట్ ట్రాప్‌లో పడిన సీసం. మ్యాచ్ పెల్లెట్ ఒకటి అర గ్రాము పైచిలుకు, 0.53 గ్రాముల దగ్గర ఉంటుంది. వెయ్యి పెల్లెట్లు అరకిలో దాటతాయి. రోజుకు రెండు డబ్బాలైతే 26 రోజులకు పదమూడు, పద్నాలుగు కిలోలు రావాలి. నెలకోసారి ట్రాప్‌లు ఖాళీ చేసి తూకం వేసి రాసుకోండి. ముక్కలు కొన్ని ఇరుక్కుపోతాయి కాబట్టి నిక్కచ్చిగా రాదు, కానీ ఎనిమిది కిలోలే వస్తే పెల్లెట్ డబ్బాలు ఎటో వెళ్తున్నట్టే. ఈ పని పిల్లలతో చేయించకండి. చేతికి గ్లోవ్స్, ముక్కుకి మాస్కు. చీపురుతో ఊడిస్తే సీసపు దుమ్ము లేస్తుంది, తడిబట్టతో తుడవండి. తూకం వేసిన కాటా మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. ఆ సీసాన్ని పాత ఇనుము కొట్టుకి కాకుండా అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. పిల్లలు కూడా షూటింగ్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా తెరవకూడదన్నది మా దగ్గర కచ్చితమైన రూలు.

చెమ్మ సంగతి అన్నాను కదా. మా ఊరి ఉక్కపోత మీకు తెలియంది కాదు, మీది కూడా తక్కువేమీ కాదు. వానాకాలంలో కార్డు చెమ్మ పీల్చుకుని అంచులు వంకర తిరుగుతాయి. పెల్లెట్ తగిలితే గుండ్రంగా కోసినట్టు రంధ్రం పడాల్సింది, చిరిగి పీచు లేస్తుంది. పిల్లాడు "సార్ ఇది తొమ్మిది కాదు పది" అంటాడు, గొడవ మొదలు. అలాంటి కార్డు తీసేసి కొత్తది పెట్టుకుంటారు, మీ నిల్వ తగ్గిపోతుంది, అనుమానం స్టోర్ కుర్రాడి మీదికి పోతుంది. మేం ఇనుప బీరువాలో, మూత బిగుతుగా ఉండే డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాం. నేల మీద అట్టపెట్టెలు అసలు పెట్టవద్దు, చెదలు మీ కంటే ముందే లెక్క తేల్చేస్తాయి.

టోకెన్ వల్ల నాకు అన్నిటికన్నా నచ్చిన లాభం లెక్కలది కాదు. కట్ట ముందే లేన్ మీద ఉంటే, పిల్లాడు షూటింగ్ మధ్యలో కార్డు కోసం లేవడు. అంతకు ముందు మా దగ్గర, గన్‌లో పెల్లెట్ ఉందో లేదో చూసుకోకుండా బెంచీ మీద పెట్టి స్టోర్‌కి పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు సెషన్ మొదలయ్యే ముందే కట్టలు, బిళ్ళలు మారిపోతాయి. మధ్యలో ఇంకో కట్ట కావాలంటే గన్ ఖాళీ చేసి, అది ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, చెయ్యి ఎత్తాలి, స్టోర్ కుర్రాడే తెచ్చిస్తాడు. ఫైరింగ్ లైన్ దాటి ముందుకు మాత్రం రేంజ్ ఆఫీసర్ చెప్పందే ఎవరూ కదలరు, కార్డు ఊడి కింద పడినా సరే.

పోటీలకి వెళ్ళే పిల్లల్ని ఈ లెక్కలోకి కలపకండి. మ్యాచ్‌లో 60 షాట్లు. ఆడపిల్లలకి ఇదివరకు 40 ఉండేవి, 2018 నుంచి వాళ్ళకీ 60 అయ్యాయి. కాగితం కార్డుల మీద రైఫిల్ మ్యాచ్ అంటే కార్డుకి ఒక్క షాటే. అంటే ఒక్క పిల్ల ఒక్క పూట మ్యాచ్ ప్రాక్టీసు చేస్తే 60 కార్డులు, సైటర్లతో కలిపి ఏడు కట్టలు దాకా. ఆ ఏడు బిళ్ళలు మామూలు మేకుల మీద వేస్తే మీ సగటు తలకిందులవుతుంది. మేం మ్యాచ్ కట్టలకి ఎర్ర దారం కట్టిన బిళ్ళలు విడిగా పెట్టాం. పిస్టల్‌కి ఇంకో మేకు. పిస్టల్ కార్డు 17 సెంటీమీటర్ల చదరం, రైఫిల్‌ది 8. ఖరీదూ వేరు, కట్ట మందమూ వేరు, కలిపి లెక్కపెడితే రెండూ చెడతాయి. 2024లో మను భాకర్ పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చాక మా దగ్గర పిస్టల్ అడిగేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు, ఆ నెల రైఫిల్ కార్డులు దండిగా మిగిలి పిస్టల్ కార్డులకి కటకటలాడాం. మేకులు అప్పటికే విడిగా ఉండబట్టి వారంలోనే కనిపెట్టాం.

ఇక మెషీన్ సంగతి. మీరు వీడియోల్లో చూసిన టోకెన్ పెట్టెలు మన కార్డులకి సంబంధించినవి కావు. అవి క్లే షూటింగ్‌వి, అంటే గాల్లోకి విసిరే చిన్న పళ్ళాన్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట. ఆ పళ్ళాన్నే పిట్ట అంటారు. క్లే అంటారు గానీ అది మట్టి కాదు, సున్నపురాయి పొడిని ఒకరకం తారుతో కలిపి పోసిన బిళ్ళ. 11 సెంటీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల దగ్గర బరువు. ఒక రౌండ్‌కి 25. అందుకే అక్కడ చాలా చోట్ల ఒక టోకెన్ అంటే 25 పిట్టలు. చూశారా, వాళ్ళదీ కట్టకో బిళ్ళే.

ఆ మెషీన్లకి ఒక తలనొప్పి ఉంది. విసిరే చెయ్యి ఎన్నిసార్లు తిరిగిందో దాని లెక్క అది, పిట్ట ముక్కలు కాకుండా బయటికి వచ్చిందో లేదో దానికి తెలియదు. విసరగానే పగిలిపోతే దాన్ని నో బర్డ్ అంటారు, షూటర్‌కి ఇంకోటి ఇవ్వాలి. కానీ టోకెన్‌లోంచి ఒకటి తరిగిపోయింది. తిరిగి వేసే బటన్ లేకపోతే రౌండ్‌కో వాదన. హైదరాబాద్‌లో ఒక షాట్‌గన్ రేంజ్‌లో కొన్నాళ్ళు సాయంగా ఉన్నాను. అక్కడ గొంతు వింటే పిట్ట విడిచే మైకులు ఉండేవి. పక్క స్టేషన్‌లో ఒకాయన గట్టిగా దగ్గితే ఇటు పిట్ట ఎగిరిపోయింది. ఆ దగ్గుని ఎవరి ఖాతాలో రాయాలన్నదాని మీద అరగంట చర్చ జరిగింది. బాబాయి ఉంటే టిక్కీ పగిలింది, బిళ్ళ వెనక్కివ్వరా అని ఒక్కముక్కలో తేల్చేసేవాడు.

ఎలక్ట్రానిక్ టార్గెట్లు కొనే స్తోమత ఉంటే అవి షాట్లు వాటంతటవే లెక్కపెట్టుకుంటాయి, అప్పుడు మీరు చూడాల్సింది లేన్ గంటలు, లోపలి కాగితం లేదా రబ్బరు రోల్ మాత్రమే. కానీ కార్డుల లెక్క తేలడం లేదని మాత్రం వాటిని కొనకండి. ఆ డబ్బుతో ఎన్నేళ్ళ కార్డులు వస్తాయో మీరే లెక్క వేసుకోండి.

మీకు కావాల్సింది 30 బిళ్ళలు, ఆరు లేన్లకి ఐదేసి, పైన ఒక పది ఎర్ర దారానికి. ఇత్తడివి మేలు. ప్లాస్టిక్‌వి చవకే కానీ మా పిల్లలు కొరికి పెట్టారు. కాగితం కూపన్లు ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు. రూపాయి, ఐదు రూపాయల నాణెం సైజు వద్దు, పొరపాటున గల్లాపెట్టెలో కలిసిపోతాయి. నేను విజయవాడ వన్ టౌన్‌లో నేమ్ ప్లేట్లు చెక్కే కుర్రాడి దగ్గర చేయించాను, మీ ఊళ్ళోనూ అలాంటివాళ్ళు దొరుకుతారు. అంకె రెండు వైపులా చెక్కమనండి, లేకపోతే మేకు మీద సగం బిళ్ళలు వీపు చూపిస్తాయి, ఫొటోలో లేన్ తెలియదు.

మేకుల చెక్క దగ్గర ఆ కుర్రాణ్ణే పెట్టండి. అనుమానించామని వాడికి తెలిసే ఉంటుంది. సాయంత్రం లెక్క వాడి చేత్తోనే రాయించి, మీరు ఊరికే సంతకం పెట్టండి. మొదటి వారం అంకెలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఇంకొక్కటి, బిళ్ళకి చిల్లు కాస్త పెద్దదే పెట్టించండి. నేను చిన్నది పెట్టించి, తర్వాత నలభై బిళ్ళలూ పట్టుకుని మళ్ళీ వన్ టౌన్‌కి వెళ్ళాను.